మొదటి దుంగ అడవిది

పందిరి మంచం కోడు కూడా పలకలేదు.

సూరీడమ్మ మేలుకొలుపు పెట్టె మూత ఎత్తి, చెక్క ముక్కని పటకారుతో తీసి, సూక్ష్మదర్శిని కింద అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక్క కణం కదిలితే ఒట్టు. ఇది నలభై మూడో ముక్క. దీనికి ముందు తలుపు చెక్కలు, గుమ్మాలు, చర్చి బల్ల, ఒక ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఇచ్చిన ఉయ్యాల తొట్టి, అన్నీ ఇలాగే మొండికేశాయి. అండమాన్‌లో మాయాబందర్ ఊరి చుట్టుపక్కల కుంకంమాను కలప ఉన్న ఇల్లు ఒక్కటీ ఆమె వదల్లేదు. ఆమె వీధిలోకొస్తుంటే జనం మంచాలు దాచుకునేదాకా వచ్చింది వ్యవహారం.

పెట్టె తప్పేం లేదు. అది ఆమె పదహారేళ్ళ కష్టం. చూడ్డానికి బీరువా అంత ఉంటుంది గాని, చేసే పని మామూలుది కాదు. చెట్టుని కొట్టి పడేసినా చెక్క లోపల కొన్ని కణాలు వెంటనే చావవు, ముడుచుకుని పడుకుంటాయి. పెట్టె వాటిని లేపుతుంది. లేపి, "మీరిప్పుడు పువ్వులో ఉన్నారర్రా" అని నమ్మిస్తుంది. నమ్మిన కణాలు తొమ్మిది రోజుల్లో పుప్పొడి కడతాయి. కొట్టి ఏడాదైన పడాక్ మాను తడి దుంగ నుంచి ఆమె చెంచాడు పుప్పొడి తీసి చూపించిన రోజున ల్యాబు డైరెక్టర్ పణిక్కర్ గారు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చోవడం మరిచిపోయారు. పెట్టెకున్న పట్టింపల్లా ఒక్కటే. చెక్క ఎన్నడూ ఆరి ఉండకూడదు. ఒక్కసారి ఎండిందా, ఇంక బ్రహ్మదేవుడు లేపినా లేవదు.

మంచం కోడు ఎండక ఎలా ఉంటుంది? ఆమెకీ తెలుసు. అయినా గడ్డిపోచ దొరికినా పట్టుకునే పరిస్థితి.

కుంకంమాను ఉత్తర అండమాన్ అడవిలో తప్ప ఇంకెక్కడా పెరగదు. గొడ్డలి పడితే కుంకం కలిపిన నీళ్ళలా కారుతుందని శ్రీకాకుళం నుంచి వచ్చిన కలప కూలీలు పెట్టుకున్న పేరది. పదిహేను అంతస్తుల ఎత్తు. మొదలు దగ్గర పలక వేళ్ళు గోడల్లా లేస్తాయి, వాటి మధ్య ఓ కాపురం పెట్టొచ్చు. దాని గొడుగు కింద ఇంకో వరస చెట్లు, వాటి కింద బెత్తం తీగల చిక్కు, ఆ కింద ఎండ మొహం ఎరగని తడి నేల, ఆ నేల నిండా జలగలు. ఎనిమిదేళ్ళకోసారి పూస్తుంది. నలభై ఆరేళ్ళుగా పూస్తూనే ఉంది, ఒక్క కాయ కాయలేదు.

ఎందుకు కాయలేదో సూరీడమ్మకి రెండు నెలల కిందటే తెలిసింది. కిందటేడు తుఫాను నలభై ఒక్క చెట్లలో ఇరవై నాలుగింటిని కూల్చేసింది. మిగిలిన పదిహేడింటికీ తాళ్ళేసి మనుషుల్ని ఎక్కించి మొగ్గలు తెప్పించింది. అన్నీ ఆడవే. కూలినవాటి చెక్క కూడా పరీక్ష చేసింది. అవీ ఆడవే. అడవి మొత్తంలో మగ కుంకంమాను అన్నది ఒక్కటి లేదు. మగదంటూ మిగిలుంటే జనం ఇళ్ళలోని పాత చెక్కలోనే.

"మొగ్గలు విచ్చడానికి వారం, విచ్చాక పది రోజులు," అన్నారు పణిక్కర్ గారు కిటికీ దగ్గర నిలబడి. "ఇంకో ఎనిమిదేళ్ళు ఆ ముసలి చెట్లు నిలబడవు సూరీడమ్మా. ఈసారి కాయకపోతే అంతే."

ఆమె మంచం కోడుని చెత్తబుట్టలో పడేసి ఇంటికి బయల్దేరింది.

*

సాయంత్రం ఇంటి వసారాలో తండ్రి గున్నయ్య పీట మీద కూర్చుని చేపలు తోముతున్నాడు. ఎనభై ఒకటి దాటినా పని ఇంకొకరికి ఒప్పజెప్పే రకం కాదు. పుట్టింది భావనపాడు దగ్గర మత్స్యకారుల పల్లెలో. ఇరవయ్యేళ్ళప్పుడు ఓడెక్కి ఇక్కడికొచ్చి, వలలు వదిలేసి రంపం పట్టాడు. కలప కంపెనీలో ఏడేళ్ళు మేస్త్రీగా ఉన్నాడు. ఆ తర్వాత ఏడు దుంగలు మాయం చేశాడని పని పీకేశారు. అప్పటికి సూరీడమ్మ ఇంకా పుట్టలేదు. పుట్టి, ఊహ తెలిశాక మాత్రం "దొంగమేస్త్రి కూతురు" అన్న మాట బళ్ళోనూ, కుళాయి దగ్గరా కడుపు నిండా విన్నది. తల్లి దాలమ్మ కూడా తను పోయేదాకా ఇలాంటివే విన్నది.

అన్నం తినేటప్పుడు సూరీడమ్మ అడిగింది.

"అయ్యా, మాను కొట్టీటప్పుడు ఏది కొట్టాలో ఎలగ సూసీవోలు మీరు?"

గున్నయ్య ముఖం విప్పారింది. ఆ అడవి సంగతి ఎవరడిగినా ఆయనకి ఆకలి రెట్టింపవుతుంది.

"అదేటే, మాను మొదట్ల సూసీవోలం. కింద కాయ డొప్పలున్నాయనుకో, అది ముత్తైదు మాను. డొప్పలు రాయిలాగుంటాయి, ఏళ్ళకేళ్ళు కుళ్ళవు. డొప్పల్లేవనుకో, గొడ్డుమాను. గొడ్డుదాన్నే కొట్టీవోలం. ముత్తైదు మీద గొడ్డలెత్తితే సేతులు పడిపోవా? కంపినీవోడు కొట్టమని ఎగిరెగిరి పడ్డాడు, నాను కొట్టనీలేదు. నన్ను దొంగన్నారు గాని గుంటా, కాసే సెట్టు కొట్టినాడని ఏ ఎదవా అన్లేదు."

సూరీడమ్మ ముద్ద కలుపుతూ తండ్రి వైపు చూసింది. ముసలాయనకి ఈ లోకంలో మిగిలిన గొప్ప అదొక్కటే. దాన్ని తన చేత్తో తుంచాలా? ఊరుకుంటే ఏం పోయింది? కానీ ఆ పాత నరుకుడు సంగతి తెలిసినవాళ్ళలో బతికున్నది ఈయనొక్కడే. అడగాలంటే ముందు చెప్పాలి.

"అయ్యా... ఆ గొడ్డువి గొడ్డువి కావు. మగవి."

"మానులకి మగేటే, నీ మొకం!"

"మీ ఊళ్ళో పోతుతాడి కాయ కాస్తాదా?"

గున్నయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఇసుక దిబ్బల మీద తాటిచెట్ల మధ్య పెరిగినవాడికి అంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. పోతుతాడి కాయదు. అది లేకపోతే పక్కనున్న తాటిచెట్లూ కాయవు. తాడి పువ్వంటే కిందనుంచి కనిపిస్తుంది. నూట యాభై అడుగుల పైన కుంకంమాను ఏం పూస్తుందో ఎవడు చూశాడు?

"ఒలమ్మా," అన్నాడు గున్నయ్య. "ముత్తైదులకి దణ్ణవెట్టుకుంటా, ఆటి మొగుల్నందరినీ నరికీసినాను గదే."

కంచం పక్కకి జరిపి లేచిపోయాడు.

*

రెండు రోజులు గున్నయ్య మాట్లాడలేదు. పెడితే రెండు మెతుకులు కతికి వదిలేశాడు. మెట్ల మీద కూర్చుని అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. చెప్పకుండా ఉండాల్సిందని సూరీడమ్మ తనని తాను తిట్టుకుంది. ల్యాబులో పనేమీ లేకపోయినా అక్కడే కూర్చుంది, ఇంటికి రావడానికి మొహం చెల్లక.

మూడో రోజు పొద్దున్న ఆమె చెప్పులేసుకుంటుంటే తండ్రే నోరు విప్పాడు.

"నీ పెట్టికి ఆరని సెక్క గావాలన్నావు గదా. ఎన్నాళ్ళు తడిలో ఉండాల?"

"కొట్టిన్నాటి నుంచీ. గాలి తగలకూడదు. బురదలో ఉంటే మరీ మంచిది. అలాంటిదెక్కడుంటాది అయ్యా?"

గున్నయ్య మెట్టు మీద చతికిలబడ్డాడు. నలభై ఆరేళ్ళు మింగి ఉంచుకున్నది కదా, పైకి రావడానికి టైము పట్టింది.

"మా జట్టుకి ఒక కట్టుబాటుండీది. ఏటేటా అడవిలో దిగినప్పుడు మొదట కొట్టిన దుంగ మనది గాదు, అడవిది. పసుపు రాసి, బొట్టెట్టి, ఉప్పుటేరులో, అదే ఆ క్రీకులో, బురద కిందకి తొక్కీసీవోలం. పలానా సోట ఉందని నోటితో సెప్తే ఇచ్చినట్టు గాదు. అందుకని ఒట్టేసుకున్నాం. నాను మేస్త్రీని. ఏడేళ్ళు, ఏడు దుంగలు."

సూరీడమ్మ చెప్పు చేతిలోనే ఉంది.

"కంపినీవోడు మోళ్ళు లెక్కెట్టినాడు. ఏడాదికో మోడు ఎక్కువొచ్చినాది. దుంగేదిరా అన్నాడు. నాను సెప్పలేదు."

"అమ్మకైనా సెప్పినావా?"

"లేదు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "అమ్మ సచ్చిందాకా కుళాయి కాడ తలొంచుకుని నీళ్ళు మోసినాది అయ్యా! దొంగోడి పెళ్ళాం దొంగోడి పెళ్ళాం అంటే ఒక్కరికీ ఎదురు మాటాడలేదు. నీ మొగుడు దొంగ కాడే అని ఒక్క మాట ఆమె సెవిలో ఏస్తే నీ అడవి మునిగిపోయీదా?"

గున్నయ్య తల దించుకున్నాడు. "మునగదు. తప్పే. అది బతికుండగా తెలీలేదు నాకు." లేచి నిలబడ్డాడు. "నా ఒట్టు సంగతి నాను సూసుకుంటాను. పడవ కట్టించు."

కోపంతో వాకిలి దాటి నాలుగడుగులు వేశాక సూరీడమ్మకి తట్టింది. మొదటి దుంగ. వీళ్ళు కొట్టినవన్నీ డొప్పల్లేని మానులే. అంటే ఆ ఏడు దుంగలూ మగవే! చెప్పులు వదిలేసి ఉత్త కాళ్ళతో ల్యాబుకి పరిగెత్తింది.

*

పడవ సా జాన్‌ది. యాభై ఏళ్ళ కరెన్ తెగ మనిషి. తాతల కాలంలో బర్మా నుంచి వచ్చిన కుటుంబం, తెలుగు వీధి పక్కనే పెరిగాడు. మొసళ్ళున్న క్రీకులో అతను తప్ప ఇంకొకరు పడవ నడపరు.

"మేస్త్రీ, ఈ క్రీకు మూడు మైళ్ళు. ఎక్కడని ఎతుకుతాం?" అన్నాడు జాన్.

"ఎతుక్కోడవేటి? సముద్రంల వల పోగొట్టుకుంటే ఎలగ దొరికించుకుంటాం? గురుతు పట్టి." గున్నయ్య పడవ ముందు కొసన కుదురుగా కూర్చున్నాడు. "పడమటేపు ఆ కొండకి సెవిలాగ బండుంది సూడు. తూరుపేపు ముత్తైదు మాను కొస, ఒక్కో దుంగకి ఒక్కో మాను. రెండూ రెండు పక్కల ఒక గీతలోకి రావాల. అప్పుడు ఆపు."

వాళ్ళ పల్లెలో, సముద్రం అడుగున చేపలు చేరే రాయిని గుర్తుపెట్టుకునే పద్ధతే. అడవిలో కూడా ఆయన బెస్తవాడిలాగే బతికాడన్నమాట. ఆయన గురుతు పెట్టుకున్న ఆ ముత్తైదు మాను ఈ పదిహేడింట్లో ఒకటి, దాని కొమ్మలు అప్పుడే మొగ్గలతో ఎరుపు తిరిగి ఉన్నాయి.

మొదటి చోటు దొరికింది. దుంగ కూడా దొరికింది, కానీ గట్టు మీద. పాతికేళ్ళ కిందటి పెద్ద భూకంపంలో ఈ వైపు నేల పైకి లేచింది. అప్పటి క్రీకు అడుగు ఇప్పుడు గట్టు. దుంగ ఎండి, పురుగు తిని, చేత్తో నొక్కితే పొడి రాలింది. రెండోదీ అంతే. మూడోది చీమల పాలు. నాలుగో చోట దుంగ జాడే లేదు. అయిదోదీ ఆరోదీ కూడా ఎండినవేనని చూసి సూరీడమ్మ పడవలో కూలబడింది.

"లే గుంటా. ఏడోది మొగదల కాడుంది. అక్కడ ఎప్పుడూ నీల్లే."

క్రీకు సముద్రంలో కలిసే చోట నీళ్ళు నల్లగా ఉన్నాయి. ఎదుటి గట్టు మీద ఒక మొసలి నోరు తెరుచుకుని ఎండ కాగుతోంది. జాన్ దాని మీద ఒక కన్నేసి, గున్నయ్య చెప్పిన చోట ఇనప ఊచని బురదలోకి దించాడు. దిగింది. ఇంకా దిగింది. జాన్ మోచేతుల దాకా వంగాడు. ఏమీ తగల్లేదు.

"జానెడు ఎడమకి," అన్నాడు గున్నయ్య కొండ చెవి మీదనుంచి చూపు తిప్పకుండా.

టక్ మంది.

సముద్రం పోటు తీసేదాకా ఆగి, గొలుసు వేసి, పడవ మోటారుతో లాగారు. మొసలి విసుక్కుని నీళ్ళలోకి జారి ఎటో పోయింది. గొలుసు రెండుసార్లు జారింది. మూడోసారి మిగతా ఇద్దరూ వద్దంటున్నా వినకుండా గున్నయ్యే నడుం లోతు బురదలో దిగి, తన చేత్తో ముడేశాడు. దుంగ కొస బురదని చీల్చుకుంటూ పైకొచ్చింది. దాని మొహం మీద సుత్తితో కొట్టిన నంబరు ఇంకా ఉంది.

"నూట డెబ్బై రెండు," అన్నాడు గున్నయ్య, చూడకుండానే.

సూరీడమ్మ బురద తుడిచి చూసింది. నూట డెబ్బై రెండే. ఆయన మాయం చేశాడన్న దుంగ ఆమె కళ్ళ ముందే ఉంది.  అమ్మ గుర్తొచ్చి ఆమెకి ఏడుపు ఆగలేదు.

"మేస్త్రీ, ఫోటో తియ్యనా?" అన్నాడు జాన్.

"తియ్యి. నంబరు కనపడాల."

గున్నయ్య మొలలోని కత్తి తీసి దుంగకి గాటు పెట్టాడు.  గాటులోంచి మెల్లిగా, చెమట పట్టినట్టు, ఎర్రగా ఊరింది. ఆ చుక్క కిందికి జారింది.

"కుంకం!" అని అరిచాడు జాన్. గున్నయ్య ఆ తడి వేలికంటించుకుని కూతురి నుదుట పెట్టాడు.

దుంగ మొత్తం కావాలంది సూరీడమ్మ. మూరెడు ముక్కే ఇస్తానన్నాడు తండ్రి. పడవలో పెద్ద గొడవే జరిగింది. "పెట్టె చెడితే? పుప్పొడి చాలకపోతే?" అని ఆమె, "అదిన్నాళ్ళు దాసిన సోటు కన్నా మీ ల్యాబు గొప్పదేటి?" అని ఆయన. చివరికి ఆమే రంపం అందుకుంది. నంబరు లేని కొస నుంచి మూరెడు కోసి, తడి బురదా గోనెసంచులూ చుట్టి, మిగతాది మళ్ళీ కిందికి దించేశారు.

"నీది నీకే తెస్తాం తల్లీ," అన్నాడు గున్నయ్య క్రీకు నీళ్ళకేసి చూసి.

*

పెట్టెలో తొమ్మిది రోజులు. మూడో రోజున అడవిలో పూలు విచ్చాయని తాళ్ళెక్కే మనుషులు కబురు తెచ్చారు. అయిదో రోజున కరెంటు పోయింది. పణిక్కర్ గారు స్వయంగా జనరేటర్ తాడు లాగి చెయ్యి బెణకబెట్టుకున్నారు. ఆరో రోజు సూక్ష్మదర్శిని కింద ఒక కణం వణికింది. సూరీడమ్మ కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. దాని పక్కది కూడా. ఆమె గది బయటికొచ్చి గోడకానుకుని, ఎవరూ లేరని చూసుకుని, రెండు గంతులేసింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గాజు పళ్ళెంలో చిటికెడు ఎర్రటి పొడి ఉంది. చెక్క ముక్క మాత్రం మిగల్లేదు, పులిసిన పిండిలా కరిగిపోయింది. పెట్టె లేపిన వాటిని మళ్ళీ పడుకోనివ్వదు.

పూలు రాలడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ పొడి పట్టుకుని తాడు మీద మొదట ఎక్కింది సూరీడమ్మే. నలభై నాలుగేళ్ళ మనిషివి, వద్దన్నారు అందరూ. వింటేనా? పైకెళ్ళేకొద్దీ గాలి మారింది, చీకటి వదిలింది. చివరి కొమ్మ దాటగానే ఎండా, ఆకాశమూ, కనుచూపు మేరా ఆకుపచ్చని అడవి గొడుగూ. చేతికందేంత దగ్గర్లో గోరంత తెల్లటి పూలు, వేలకి వేలు. సన్నటి కుంచెతో ఒక్కో పువ్వు నడుమ ఆ ఎర్ర పొడి తాకించింది.

"ఏటి సేస్తన్నావే?" అని కిందనుంచి గున్నయ్య కేక.

"బొట్లెడతన్నాను అయ్యా!"

మూడో రోజు మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. అప్పటికి పదకొండు మానులు పూర్తయ్యాయి, ఆరు మిగిలిపోయాయి. తడిసి ముద్దయి దిగివచ్చి, ఆమె పలక వేళ్ళ మధ్య కూర్చుని ఇంక లేవలేకపోయింది.

*

అయిదు నెలలు ఎవరికీ ఏమీ తెలీలేదు. ఆరో నెలలో ఒక ఉదయం అడవి మీద పచ్చపావురాలు దిగాయి, గుంపులు గుంపులుగా. ఎక్కడున్నాయో ఇన్నాళ్ళూ! కుంకంమానుల మీద వాలి, కొమ్మలు వంగేలా కూర్చుని కాయల మీది గుజ్జు తింటున్నాయి. పదకొండింట్లో తొమ్మిది కాశాయి.

సూరీడమ్మ, గున్నయ్య, జాన్, పణిక్కర్ గారు చెట్టు కింద నిలబడి తలలు వెనక్కి వాల్చి చూస్తున్నారు. పైనుంచి ఒక కాయ కొమ్మలకి కొట్టుకుంటూ వచ్చి గున్నయ్య కాళ్ళ దగ్గర పడింది. ఆయన వంగి తీశాడు. పిడికిలంత కాయ. చెవి దగ్గర పెట్టి ఊపాడు. లోపల గింజ గలగలమంది.

"కాసినాది," అన్నాడు. "ఒలే సూరీ, కాసినాదే!" అని ఎనభై ఒక్కేళ్ళ మనిషి పెద్ద గొంతుతో అరిచాడు. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి.

ఆ వారమే జాన్ తీసిన ఫోటో పెద్దది చేయించి దాలమ్మ ఫోటో పక్కన తగిలించాడు గున్నయ్య. నంబరు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ రోజు ఆయన ఆవిడకేం చెప్పుకున్నాడో సూరీడమ్మ వినలేదు, కావాలనే వంటింట్లో ఉండిపోయింది. బజార్లో మాత్రం ఆ ఫోటో ముందే తిరిగింది. కుళాయి దగ్గర నోళ్ళు పారేసుకున్నవాళ్ళ మనవలు ఇప్పుడు "మేస్త్రీ గారూ" అని లేచి నిలబడుతున్నారు.

జూన్ వానలకి ల్యాబులో రెండువందల ఎనిమిది మొక్కలు లేచాయి. మొట్టమొదట మొలిచిన మొక్కని ల్యాబు ముంగిట్లో నాటి, పెద్దవాళ్ళని పిలిచి సభ చేద్దామన్నారు పణిక్కర్ గారు. గున్నయ్య మర్యాదగానే విని, ఆ కుండీ చంకన పెట్టుకుని పడవ వైపు నడిచాడు.

"మేస్త్రీ గారూ, ఎక్కడికి?"

"మొదటిది అడవిది బాబూ. మీరు రెండోది ఏసుకోండి."

క్రీకు మొగదల దగ్గర, కొండ చెవీ ముత్తైదు మాను కొసా కనిపించే గట్టు మీద, తండ్రీకూతుళ్ళిద్దరూ గొయ్యి తవ్వారు. మొక్క చుట్టూ మట్టి నొక్కి, గున్నయ్య దాని రెండాకుల్నీ వేలితో నిమిరాడు.

"ఇది ఆడదా, మగదా?"

"ఇప్పుడే తెలీదయ్యా. పూసిందాకా ఆగాల. పాతికేళ్ళు పడతాది."

గున్నయ్య నవ్వాడు. "పాతికేళ్ళకి నానుంటానేటి? నువ్వుంటావు. ఇను గుంటా. ఇది పూసి, కాయలేదనుకో, ఎవుడో ఒకడు గొడ్డలట్టుకుని వస్తాడు, గొడ్డుదంటాడు. అప్పుడు ఆడికి నా పేరు సెప్పు."